గొడ్లసావిడిలోని జ్వరము

మా ప్రాంతపు పశువైద్యశాలలో ఈ వారము సూక్ష్మదర్శిని యొకటి పనిచేయుచుండగా చూచి సంతోషించితిని. అది దుమ్ముగుడ్డ కప్పుకొని బీరువాపై కూర్చున్నది కాదు. బల్లమీదికి దిగి, వాడుకచే పిడి అరిగి, గాజుపలకపైని నెత్తుటిచుక్కను చూపుచున్నది. ఈ శీర్షికను విడువక చదువువారికి నా పాత పట్టు తెలియును: జబ్బేదో కంటితో చూడక సూది వేయరాదనియు, మండలమున కొక సూక్ష్మదర్శినియు దానిలో చూడనేర్చిన కన్నును ఉండవలెననియు, మిరపతెగులును గూర్చి వ్రాసినను గేదెల గాలికుంటును గూర్చి వ్రాసినను చివరకు అక్కడికే వచ్చి చేరెదను.

రోగి ఒక నాటుకుక్క. మునేటివైపు పొలమున్న రైతుగారి ఇంట కాపలా కాయునది. జ్వరము వచ్చుచు పోవుచు, అన్నము ముట్టక, గోడనీడను పడియుండగా, మందులదుకాణమువారు చెప్పిన జ్వరపుసూదులు అంతకుమునుపే దానికి పడినవి. వైద్యుడు చిన్నవాడు. పెదవి యెత్తి చూపగా చిగుళ్లు రక్తము లేక తెల్లబడి యుండెను. చెవి అంచున వెండ్రుకలు గొరిగి, సూదిమొనతో పొడిచి, తొలిచుక్కను పలకపై పలుచగా పరచి, ఆరనిచ్చి, గీమ్సా రంగులో నుంచి, కడిగి, కొంతసేపు తానే చూచి, పిమ్మట నన్ను పిలిచెను.

“మాస్టారూ, ఇటు రండి. ఎర్రకణం లోపల ఊదారంగు చుక్క కనబడుతోందా? అదే.”

కనబడెను. లేతగులాబిరంగు కణమున, నడుమ గాక ఒక అంచున, ఊదాచుక్కయు, దానిని అంటుకొని సన్నని నీలిరేఖయు. “బబీసియా గిబ్సోని. పెద్దరకం అయితే ఒక్క సూదితో లొంగేదండీ, ఇది అంత తేలిగ్గా లొంగదు” అనెను.

ఆ పేరు విన్నంతనే నా మనస్సు చెన్నపట్టణమునకు పోయెను. ఈ జీవిని లోకమునకు తొలుత తెలిపినది మన పాత రాజధానినుండియే. 1910లో వాల్టర్ స్కాట్ ప్యాటన్ అను శాస్త్రజ్ఞుడు, మద్రాసు హంట్ అను వేటసంఘమువారి జాగిలముల రక్తములో దీనిని కనుగొని, పిమ్మట నక్క రక్తమునందును చూచి, పేరిడి ప్రకటించెను. ఆంగ్లేయుల జాగిలములు తరిమిన నక్కయు, తరిమిన జాగిలములును ఒకే జీవిని నెత్తుట మోయుచుండెనన్నమాట. రాత్రివేళ మా మెట్టచేలలో నక్కకూత వినబడినప్పుడెల్ల నాకు ఆ వ్యాసము గుర్తుకు వచ్చును; ఏలయనగా ఆనాడు మా నందిగామ తాలూకాయు మద్రాసు రాజధానిలోనిదే, మా నక్కయు ఆ నక్క బంధువే.

అయితే దీనిని కుక్కనుండి కుక్కకు చేర్చునది ఏది? పశువుల జ్వరమును పిడుదు మోయునని అమెరికాలో స్మిత్, కిల్బోర్న్ పండితులు 1893లోనే ఋజువు చేసిరి. 1897లో సికింద్రాబాదున రోనాల్డ్ రాస్ దోమ గుట్టు బయటపెట్టుటకు నాలుగేండ్ల ముందటి మాట యిది. రాస్ పేరు మన పిల్లలు బడిలో చదివెదరు, పిడుదు మాట చదువరు. పాడితో బ్రతుకు ప్రాంతమున ఇది న్యాయముగా లేదు. గిబ్సోని విషయమున ఆ ముడి విప్పినవారు స్వామినాథ్, షార్ట్ అను ఇరువురు. 1937లో వారు నిరూపించిన దోషి హీమాఫైసాలిస్ బైస్పైనోసా అను పిడుదు. అది కుక్కకు మాత్రమే చెందినది కాదు. బీళ్లలో పెరిగి పశువులను, మేకలను పట్టి వాటి వెంట ఇంటికి వచ్చును.

ఇంతవరకు వ్రాసి, సూక్ష్మదర్శినికి హారతి పట్టి ముగింతునని తలచియుంటిని. కాని మరునాడు ఆ రైతుగారింటికి పోయితిని. కుక్క పడుకొను తావు గొడ్లసావిడి. మట్టిగోడ నెర్రెలలో ఒకదానిని పుల్లతో కదపగా ఆముదపుగింజలవలె ఉబ్బిన పిడుదులు రాలినవి.

“ఇయ్యెప్పుడూ ఉండేయేగా బాబాయ్, గొడ్లకి లేందెప్పుడు?” అనెను రైతు.

ఆ ఉబ్బినవి ఆడవి. ఇట్లు గోడలను మరిగినది గోధుమరంగు కుక్కపిడుదు. ఎర్లికియా అను మరొక కుక్కజ్వరమును మోయునది ఇదియే, గిబ్సోని విషయమునను దీనిపై చిరకాలముగా అనుమానము కలదు. ఒక్కొక్కటి నెర్రెలో వేలకొలది గ్రుడ్లు పెట్టి చచ్చును. పిల్లదశలోను, నడిదశలోను, పెరిగిన పిమ్మటను ఒక్కొక్కమారు ఎక్కి నెత్తురు త్రాగి దిగిపోవుచు, నడుమ నెలలతరబడి ఆకలితో గోడలో కాచుకొని యుండగలదు. అనగా పిడుదు జీవితములో అధికభాగము కుక్కమీద గాక గోడలో గడచును.

ఇక మందు సంగతి. అటోవాకోన్, అజిత్రోమైసిన్ కలిపి పదిదినములు ఇత్తురు; ఖరీదైన మందు, అన్నిచోట్ల దొరకదు. దానితో జ్వరము దిగి కుక్క లేచి తిరుగును గాని, క్రిమి పూర్తిగా పోయినదని చెప్పరాదు. కొద్దిగా మిగిలి దాగినచో పలకపై వెదకినను కనబడదు. కన్ను ఎంత నేర్చినదైనను పలకపై లేనిదానిని చూడలేదు గదా. అట్టి కుక్క రక్తమును మరొక కుక్కకు ఎక్కించరాదు, దానితో ఈత వేయించరాదు, కాట్లాటలకు విడువరాదు. జపాన్, అమెరికా దేశముల పోరుకుక్కలలో ఈ జబ్బు ఎక్కువగా కాటుద్వారా వ్యాపించినది.

కనుక, మండలమున ఒక్క పనికే సొమ్మున్నచో ఏది ముందు అని నన్నడిగినచో, ఇన్నేండ్లు వ్రాసినదానికి విరుద్ధముగానైనను, గోడ ముందు అందును. పరీక్ష ఫలితముకొరకు ఆగనక్కరలేని పని అది. నెర్రెలు పూడ్చి సున్నము వేయవలెను; గోడకు, నేలకు పిడుదులమందు వైద్యుడు చెప్పిన పాళ్లలో కొట్టవలెను; కుక్కచెవులలోను వ్రేళ్లసందులలోను దినదినము వెదకి ఏరవలెను. బబీసియా సాధారణముగా పిడుదు రెండుమూడు దినములు పట్టియున్న తరువాతనే నెత్తుట చేరును గనుక, ఏనాటి పిడుదు నానాడే తీయుట వ్యర్థము కాదు. తీసినదానిని వ్రేళ్లతో చిదుపవలదు. పత్తికి కొట్టగా మిగిలిన మందును కుక్కకు పూయు అలవాటు కొందరికి కలదు. అది పిడుదుకంటె ముందు కుక్కను చంపును.

రైతు భార్య మట్టి పిసికి నెర్రెలు పూడ్చుట మొదలుపెట్టినది. గ్రుడ్లకు పిడుదులమందు పనిచేయదు గనుక అవి పొదుగునాటికి రెండవమారు కొట్టవలసి యున్నది. ఆ పని ఆ ఒక్క ఇంట గాక బజారంతట ఒకేనాడు జరుగవలెను. లేనిచో పక్కసావిడినుండి మరల వచ్చును. పశువైద్యశాలవారు తేదీ చెప్పినచో దండోరా వేయించు పూచీ నాది.