స్పైరల్ వేయమంటారా?

ఈ కాలమ్ రాసేవాడి ఇంట్లో భోజనాల బల్ల మీద నెల రోజులుగా ఒక లావుపాటి కట్ట పడి ఉంది. నీలం ప్లాస్టిక్ అట్ట, నల్ల స్పైరల్, లోపల 320 కాగితాలు. డెబ్బై జీఎస్ఎం ఏ4 కాగితం ఒక్కొక్కటి నాలుగున్నర గ్రాముల లోపే తూగుతుంది కాబట్టి కట్ట మొత్తం సుమారు కిలో నాలుగు వందల గ్రాములు. మొన్న ఆదివారం దాని మీద వేడి సాంబారు గిన్నె కనిపించింది. ఈ వారం కోపానికి అదే మూలం.

మేనకోడలు బీటెక్ మూడో ఏడు చదువుతోంది. కాలేజీలో క్రెడిట్ల కోసం పన్నెండు వారాల ఆన్‌లైన్ కోర్సు ఒకటి తీసుకుంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. 2017లో కేంద్ర ప్రభుత్వం ‘స్వయం’ తెచ్చింది. అప్పటినుంచీ ఇంజనీరింగ్ పిల్లలకు ఈ చదువు మామూలైపోయింది. పాఠం వీడియోలో వినడం, స్లైడ్లూ ట్రాన్స్‌క్రిప్టులూ పీడీఎఫ్‌గా దించుకోవడం. ఎన్‌పీటెల్‌లోనైతే వారం వారం అసైన్‌మెంట్లకు పాతిక శాతం, హాల్లో కూర్చుని రాసే పరీక్షకు డెబ్బై ఐదు శాతం మార్కులు.

కాగితం మీద చదివిందే చదువు అన్నది ఈ కాలమ్ పాత పాట. పాఠకుల్లో కొందరు విసుగెత్తి ఉత్తరాలు రాసిన పాటే. అందుకని ఆ పిల్ల అడక్కముందే కాలమ్ రాసేవాడు ఫైళ్లన్నీ వీధి చివరి జిరాక్స్ షాపు వాట్సాప్‌కు పంపేశాడు.

షాపు కుర్రాడు నాలుగు ప్రశ్నలు వేశాడు. సింగిలా, బ్యాక్ టు బ్యాకా? కలరా, బ్లాక్ అండ్ వైటా? పేజీకి ఒకటా, రెండా? స్పైరల్ వేయమంటారా? చివరిదానికి “వెయ్యి, వెయ్యి” అని ఉత్సాహంగా జవాబు వెళ్లింది. మూడోది సరిగా వినబడలేదు.

వినాల్సింది. క్లాసులో ఒక్కో క్లిక్కుకు ఒక్కో వాక్యం తెర మీదికి వచ్చే స్లైడు పీడీఎఫ్‌గా మారినప్పుడు ఒక్కోసారి ఐదు పేజీలవుతుంది. మొదటి పేజీలో ఒక వాక్యం, రెండో పేజీలో అదీ ఇంకొకటీ, అలా. ఐదో పేజీ ఒక్కటి తీయిస్తే చాలు, ముందు నాలుగూ దండగ. ముదురు నీలం మీద తెల్లక్షరాలు తెర మీద ముచ్చటగానే ఉంటాయి. ప్రింటులో మాత్రం టోనరు తాగేస్తాయి, కాగితం వంకర తిరుగుతుంది, అంచున పెన్నుతో రాసుకుందామంటే చోటుండదు. నిజానికి ఏ4 కొలతలు, 210కి 297 మిల్లీమీటర్లు, ఈ పొదుపుకు భలే అనువైనవి. సగానికి మడిచినా అదే ఆకారం. రెండు పేజీల్ని 71 శాతానికి కుదిస్తే ఒకే ముఖం మీద పక్కపక్కన అమరిపోతాయి. ఆ బటన్ నొక్కించి ఉంటే కట్ట సగమయ్యేది, సాంబారు గిన్నెకు అంత ఎత్తు పీటా దొరికేది కాదు.

(తెలుగు మీడియంలో పోటీ పరీక్షలకు చదివేవాళ్ల తిప్పలు వేరు. యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లలో కొట్టిన నోట్సును వర్డ్ ఫైలుగా పంపితే, ఆ ఫాంటు లేని షాపు కంప్యూటర్‌లో తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల కలగూరగంప అవుతుంది. పీడీఎఫ్ చేసి పంపితే ప్రింటు బాగానే వస్తుంది, కానీ తెర మీద ‘మౌర్యులు’ అని వెతికితే ఒక్కరూ దొరకరు.)

అసలు కాగితం పాట ఎక్కడ పట్టుకుందంటే 1991 దగ్గరికి వెళ్లాలి. హైదరాబాద్‌లో యూనివర్సిటీ లైబ్రరీ. ‘రిఫరెన్స్’ ముద్ర పడ్డ పుస్తకం ఇంటికివ్వరు. ఐడీ కార్డు అట్టిపెట్టుకుని, జిరాక్స్ కోసమంటే క్లర్కు దయతలచి ఒక పూట బయటికిచ్చేవాడు. కావలసిన అధ్యాయం అరవై పేజీలు. జేబులో ఇరవై రూపాయలు. పేజీ రూపాయి. ఆ రోజుల్లో రూపాయంటే ఒక టీ.

ఇరవై టీల డబ్బును అరవై పేజీల మీద ఎలా సర్దాలి? లైబ్రరీ మెట్ల మీద కూర్చుని అధ్యాయమంతా ఒకసారి చదివేవాడు. అక్కర్లేని పేజీలు లెక్కపెడితే పది తేలేవి. మళ్లీ చదివేవాడు. ఇది గుర్తుంటుంది, వదిలెయ్. ఈ పట్టిక గుర్తుండదు, కావాలి. ఈ రెండు పేరాలు చేత్తో రాసుకుంటే ఒక పేజీ మిగులుతుంది, రాసుకో. చీకటి పడేవేళకు లెక్క ఇరవై ఒకటి దగ్గర ఆగేది. ఆ ఒక్క పేజీ కోసం షాపాయన్ని బతిమాలడం. మూత కింద నుంచి పచ్చటి వెలుగు ఇటునుంచి అటు పాకేది. లావు పుస్తకం కదా, కుట్టు దగ్గర నల్లటి నీడ పడి లైను చివరి అక్షరాలు మాయమయ్యేవి. వాటిని పుస్తకం చూసి పెన్నుతో పూరించేదాకా షాపు దగ్గరే నిలబడాలి, తర్వాత పుస్తకం ఉండదుగా. వేడివేడి కాగితాలు చేతికొచ్చిన రాత్రి వాటిని విప్పి చూస్తే అంతా తెలిసిందే అనిపించేది. దాన్ని ఆ కుర్రాడు కాగితం మహిమ అనుకున్నాడు. ముప్పై ఏళ్లకు పైగా అలాగే అనుకుంటూ, వారం వారం రాస్తూ వచ్చాడు.

జిరాక్స్ షాపు మీద ఆ మమకారం ఎంతంటే, ఢిల్లీ కేసును ఇంట్లో పెళ్లి విషయంలా అనుసరించాడు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ షాపు మీద 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణకర్తలు దావా వేశారు. విద్యార్థుల కోసం పుస్తకాల్లోని భాగాలు కలిపి కోర్సు ప్యాకులు చేసివ్వడం తప్పన్నారు. 2016 సెప్టెంబరులో హైకోర్టు షాపు పక్షాన తీర్పు చెప్పింది. డిసెంబరులో డివిజన్ బెంచి కొంత విచారణ మిగిలిందన్నా, మరుసటేడు ప్రచురణకర్తలే కేసు వదులుకున్నారు. ఆ రోజు ఈ ఇంట్లో పాయసం వండారు.

ఇంత చరిత్ర ఉన్న కట్ట మీద సాంబారు గిన్నె! మేనకోడలికి క్లాసు పీకడానికి ఆధారాలు కూడా సిద్ధమయ్యాయి. తెర మీద చదవడానికీ కాగితం మీద చదవడానికీ తేడా చూసిన 54 అధ్యయనాలను కలిపి 2018లో స్పెయిన్, ఇజ్రాయెల్ పరిశోధకులు లెక్కగట్టారు. లక్షా డెబ్బై వేలకు పైగా పాఠకులు. సమాచారం కోసం చదివే పాఠాల్లో, టైము బిగించినప్పుడు, కాగితానిదే పైచేయి. కథల్లో మాత్రం తేడా తేలలేదు.

పిల్ల ఓపిగ్గా వింది. “నువ్వే తీయించావు మామయ్యా, నేనడిగానా?” అంది. తర్వాత ఫోన్ తీసి ఒక చీటీ చూపించింది. మూడో వారం: 14, 31 నుంచి 33. ఏడో వారం: 9. అలా మొత్తం 22 పేజీ నంబర్లు. పాఠాలన్నీ ఫోన్‌లోనే చూసిందట. బస్సులో చదువుతూ వేళ్లతో లాగి పెద్దది చేసుకోవాల్సి వచ్చినవీ, మర్నాడు మళ్లీ వెనక్కి వెళ్లి వెతుక్కున్నవీ మాత్రం రాసి పెట్టుకుంది. సర్క్యూట్ బొమ్మలు, రెండు పట్టికలు, ఒక పొడుగాటి డెరివేషన్. “పరీక్ష ముందు ఇవి కాగితం మీద ఉంటే బావుంటుంది. తీయిస్తావా?”

ఫోన్ చేతిలో పట్టుకుని కాలమ్ రాసేవాడు లైబ్రరీ మెట్ల మీదికి వెళ్లిపోయాడు. అక్కడ కూర్చున్న కుర్రాడి చేతిలో ఉన్నదీ ఇలాంటి చీటీయే. ఏ పేజీ అక్కర్లేదో తేల్చడానికి రూపాయి అతని చేత రెండుసార్లు చదివించింది. ఈ పిల్ల చేత చిన్న తెర చదివించింది. మొత్తం తీయించి పారేసినవాడు మాత్రం ఒక్క పేజీ అయినా తిప్పకుండా స్పైరల్ వేయించాడు. ఆ 54 అధ్యయనాల్లో కాగితం అందుకున్నవాళ్లు దాన్ని చదివారు. గిన్నె కింద పెట్టినవాళ్ల లెక్క వాటిలో లేదు. అనుమానమొచ్చి సొంత అల్మరా తెరిచి చూస్తే స్పైరల్ కట్టలు పద్నాలుగు. పెన్సిల్ గీత పడ్డవి మూడు.

సాయంత్రం షాపుకు చీటీతోనే వెళ్లాడు. ఈసారి ప్రశ్నలన్నిటికీ నింపాదిగా జవాబిచ్చాడు. బ్యాక్ టు బ్యాక్, బ్లాక్ అండ్ వైట్, బొమ్మలు కాబట్టి పేజీకి ఒకటే. పదకొండు కాగితాలొచ్చాయి. స్పైరల్ వద్దు, పిన్ను చాలన్నాడు.

కుర్రాడు పిన్ను కొట్టి చేతికిస్తూ, “మిగతా ఫైలు ఎప్పుడు పంపిస్తారు సార్?” అన్నాడు.