బీప్ వినిపించిందా?

‘సిస్టమ్ ఆన్ కావట్లేదు’ అనే ఒక్క మాట వెనక మూడు వేర్వేరు జబ్బులుంటాయి. బటన్ నొక్కినా ఫ్యాన్ కదలకపోవడం ఒకటి. ఫ్యాన్లు తిరుగుతున్నా తెర నల్లగానే ఉండడం ఇంకొకటి. లోగో కనిపించి, విండోస్ రాకుండా ఆగిపోవడం మూడోది. ఎక్కడ ఆగిందో తేల్చుకోకముందే స్క్రూడ్రైవర్ పట్టుకోవడం తొందరపాటు.

అసలు చలనమే లేకపోతే ముందు ప్లగ్గు, కేబుల్, వెనకనున్న స్విచ్ చూడాలి. తర్వాత కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్. దాని 24 పిన్నుల కనెక్టర్‌ను మదర్‌బోర్డు నుంచి ఊడదీసి, ఆకుపచ్చ తీగ పిన్నునూ ఒక నల్ల తీగ పిన్నునూ వైరు ముక్కతో కలిపి, అప్పుడు కరెంటు ఇస్తే చాలావాటిలో ఫ్యాన్ తిరుగుతుంది. తిరిగినంత మాత్రాన అది బాగున్నట్టు కాదు. లోడు పడగానే చతికిలబడేవీ ఉంటాయి. పనిచేస్తున్నప్పుడు పసుపు తీగలో మల్టీమీటర్ 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య చూపించాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో విప్పనే కూడదు. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉండవచ్చు.

ఫ్యాన్లు తిరిగి తెర వెలగనప్పుడు, మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు బదులు బోర్డుకు తగిలించి ఉందేమో చూడాలి. అనుమానించవలసిన తర్వాతి భాగం ర్యామ్. దాన్ని తీసి, బంగారు పూత అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెట్టడం రిపేరు షాపుల్లో పాత అలవాటు. చాలాసార్లు పనిచేసేది రబ్బరు కాదు, తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టడం. గట్టిగా రుద్దితే పలుచటి పూతే పోతుంది.

అంతకన్నా నమ్మదగిన పద్ధతి ఒకటుంది. హార్డ్‌డిస్కు, అదనపు కార్డులు, ర్యామ్ అన్నీ తీసేసి, ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే ఉంచి ఆన్ చేయడం. బోర్డుకు చిన్న స్పీకర్ ఉండి, అది బీప్‌లు కొడితే మంచి కబురే: బోర్డు, ప్రాసెసర్ బతికే ఉన్నాయి, ర్యామ్ లేదని చెబుతున్నాయి. ఎన్ని బీప్‌లకు ఏ అర్థమన్నది బోర్డులోని బయాస్ ప్రోగ్రామ్‌ను బట్టి మారుతుంది. కొత్త బోర్డుల్లో ఈ పని చిన్న లైట్లు చేస్తాయి. ఆ తర్వాత ర్యామ్ ఒక్కొక్కటే పెట్టుకుంటూ, ప్రతిసారీ కరెంటు తీసి, ఒక్కో భాగం చేర్చాలి. ఏది చేర్చగానే ఆగిందో దొంగ అదే, లేదా దాని స్లాట్. స్లాట్ మార్చి చూస్తే ఆ సందేహమూ తీరుతుంది.

లోగో దగ్గర ఆగితే బయాస్‌లో తేదీ చూడాలి. అది ఏళ్ల వెనక్కి పోయి ఉంటే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి, బయాస్ సెట్టింగులు చెరిగిపోయినట్టు. తేదీ సరిగ్గా ఉండి, బయాస్‌లో డిస్కు ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతుంటే కేబుల్ మార్చాలి. అప్పటికీ అంతే అయితే, డిస్కు మళ్లీ కనిపించిన క్షణాన చేయవలసిన మొదటి పని ఫొటోలూ ఫైళ్లూ వేరేచోటికి కాపీ చేసుకోవడం. విండోస్ తర్వాతైనా ఎక్కించుకోవచ్చు.