కట్టర్‌కు సాన

చర్లపల్లి పారిశ్రామికవాడలో ఎన్ని మిల్లింగ్ యంత్రాలున్నా, మొద్దుబారిన కట్టర్‌కు మళ్లీ పదును తెచ్చేవాడే నా లెక్కలో పెద్ద పనివాడు. ఎండ్ మిల్లు రకం కట్టర్‌కు నాలుగు పళ్లుంటే నాలుగూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒక్కటి రవ్వంత లేచినా కోత భారం దానిమీదే ఎక్కువ పడుతుంది. అందుకే ప్రతి పంటినీ ఒకే ఆనికకు ఆనించి తిప్పుతాడు. పన్ను వెనక వాలు మరీ తగ్గితే లోహాన్ని కోయదు, రాస్తుంది. మరీ పెరిగితే అంచు చిట్లుతుంది. హైస్పీడ్ స్టీలు మరీ వేడెక్కిందా, పదును నిలవదు. కార్బైడ్‌కైతే వజ్రపు సానచక్రమే మేలు. ఇందుకు వాడే గ్రైండర్లను ఒకప్పుడు మన ప్రాగా టూల్స్ కంపెనీయే తయారుచేసేది, ఆ సంగతి ఇప్పుడెవరికి గుర్తు! సాన పట్టాక కట్టర్ వ్యాసం కాస్త తగ్గుతుంది. కొలిచి, యంత్రంలో కొత్త కొలత వేసుకున్నాకే పనికి పెట్టండి.