రంపకు దారి జూలూలాండ్ మీదుగా

యుద్ధ చరిత్ర చదివేటప్పుడు నాకో అలవాటు. పుస్తకంలో తేదీ కనబడితే చాలు, ఆ రోజుల్లో మా గోదావరి జిల్లాలో ఏం జరుగుతోందో పక్కన పెన్సిలుతో రాసుకుంటాను. విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లీషువాళ్ళ యుద్ధాల్లో జూలూ యుద్ధం నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణం ఆ పెన్సిలే. 1879 జనవరి 22న దక్షిణాఫ్రికాలో ఇసాండ్ల్వానా కొండ కింద జూలూలు బ్రిటిష్ శిబిరాన్ని తుడిచిపెట్టారు. ఆ మార్చిలోనే, రాజమండ్రికి ఒక పూట ప్రయాణంలో ఉన్న రంప కొండల్లో పితూరీ, అంటే తిరుగుబాటు, లేచింది. అప్పటికే అఫ్గానిస్తాన్‌లో ఇంకో యుద్ధం నడుస్తోంది. ఒకే ఏడాది, ఒకే సామ్రాజ్యం, మూడు చోట్ల తుపాకులు. జూలూ, అఫ్గాన్ యుద్ధాల మీద పుస్తకాలు అరలకు అరలు ఉన్నాయి. రంపది జిల్లా గెజిటీర్‌లో కొన్ని పేజీలు.

జూలూ యుద్ధం కథ ఎవరికైనా ఆసక్తి పుట్టిస్తుంది. దాన్ని తెచ్చిపెట్టిన దక్షిణాఫ్రికా హైకమిషనర్ సర్ బార్టిల్ ఫ్రేర్ మనకు కొత్తవాడు కాదు, అంతకుముందు బొంబాయి గవర్నరు. సేనాని లార్డ్ చెమ్స్‌ఫర్డ్ కూడా ఇండియా సైన్యంలో అడ్జుటెంట్ జనరల్‌గా చేసి వెళ్ళినవాడే. అఫ్గాన్ యుద్ధం నెత్తిమీద ఉండగా ఇంకొకటి వద్దని లండన్ అంటున్నా, ఫ్రేర్ 1878 డిసెంబరు 11న జూలూ రాజు కెచ్వాయోకు ముప్పై రోజుల గడువు పెట్టాడు. సైనిక వ్యవస్థను రద్దు చేయమన్నాడు. వయసువారీగా దళాలు కట్టిన యువకుల మీదే ఆ రాజ్యమంతా నిలబడి ఉంది కాబట్టి ఏ రాజూ ఒప్పుకోలేని షరతు అది. గడువు తీరిన రోజునే సైన్యం సరిహద్దు దాటింది.

పదకొండు రోజుల తర్వాత చెమ్స్‌ఫర్డ్ సైన్యాన్ని రెండుగా చీల్చి, సగాన్ని వెంటబెట్టుకుని జూలూలను వెతకడానికి తెల్లవారకముందే ఇసాండ్ల్వానా శిబిరం విడిచి వెళ్ళాడు. వాళ్ళేమో ఇరవై వేల మంది దగ్గర్లోని లోయలో కూర్చుని ఉన్నారు. వాళ్ళ వ్యూహం పేరు ఎద్దుకొమ్ములు. రొమ్ము ఎదురుగా నిలిచి పోరాడుతుంటే రెండు కొమ్ములూ పక్కల నుంచి చుట్టుకొస్తాయి, నడుము వెనక ఆగి ఉంటుంది. మధ్యాహ్నం పాక్షిక సూర్యగ్రహణం పట్టింది. సాయంత్రానికి బ్రిటిష్ పక్షాన పదమూడు వందల మందికి పైగా చనిపోయారు. జూలూలూ వెయ్యి మందికి తక్కువ కాకుండా పోయారు.

ఇక్కడి నుంచే చదివేవాడు జాగ్రత్తపడాలి. ఓటమికి కారణాలు వెతికినవాళ్ళు ముందు డర్న్‌ఫర్డ్ అనే అధికారి మీద తప్పు పెట్టారు. ఆయన చనిపోయాడు, జవాబు చెప్పుకోలేడు. తర్వాత తూటాల పెట్టెల మీద పెట్టారు. మూతల మరలు విప్పడానికి పనిముట్లు లేక తూటాలు అందలేదన్న కథ ఎన్నో ఏళ్ళు నడిచింది. తర్వాతి పరిశోధకులు దాన్ని ఒప్పుకోలేదు. ఆ రోజు జూలూ సేనను నడిపింది డెబ్బై ఏళ్ళకు దగ్గరపడిన ఎన్చింగ్వాయో. ఆయన తెలివికి ఇవ్వాల్సిన పేజీలను పెట్టెల మరలకు ఇచ్చారు. అదే రోజు రోర్క్స్ డ్రిఫ్ట్ దగ్గర నూట యాభై మంది వరకు సిపాయిలు ఒక మిషన్ ఇంటిని రాత్రంతా కాపాడుకున్నారు. దానికి పదకొండు విక్టోరియా క్రాసులు ఇచ్చారు, 1964లో సినిమా తీశారు. ధైర్యం ధైర్యమే, కాదనను. కానీ పెద్ద ఓటమి పక్కనే దొరికిన చిన్న గెలుపును పుస్తకాలు ఎలా వాడుకుంటాయో చూడాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ కన్నుతోనే 1907 నాటి హెమింగ్వే గోదావరి జిల్లా గెజిటీర్ తీశాను. రంప పితూరీ కారణాలు అందులో బాగానే ఉన్నాయి. రంపకు ఒక మన్సబుదారు, ఆయన కింద కొండ ముఠాలకు, అంటే పల్లెల గుంపులకు, ముఠాదారులు. మన్సబుదారు ఏళ్ళ తరబడి ముఠాదారులను పిండాడు. ఆపైన కల్లు. వేసవిలో కొండవాళ్ళ ఆకలి తీర్చేది జీలుగుకల్లు. కొత్త ఆబ్కారీ నిబంధనలతో ఇంటికోసం గీసుకునే కల్లునూ అడ్డుకుని, గీత హక్కును గుత్తకిచ్చారు. గుత్తదారులు కల్లు మీద చిగురుపన్ను అనే సుంకం అడిగారు. ఇది చాలక, మైదానం నుంచి వెళ్ళిన వ్యాపారులు అప్పులిచ్చి, కోర్టుల్లో ఏకపక్ష డిక్రీలు తెచ్చుకుని పశువులనూ పంటనూ తోలుకుపోయేవారు. ఆ వ్యాపారులు మన డెల్టావాళ్ళు. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళతో మన పొలాలు పచ్చబడ్డ కాలంలోనే ఇది జరిగింది. ఈ మాట రాయకుండా రంప గురించి రాయడం నాకు చేతకాదు.

మార్చిలో చోడవరం ప్రాంతంలో పోలీసుల మీద దాడులు మొదలయ్యాయి. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల స్టేషన్ తగలబెట్టాడు. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి పేర్లు కొండలన్నీ తిరిగాయి. అణచడానికి వచ్చిన బలగం చూడండి: వందల మంది పోలీసులు, ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లు, రెండు సాపర్స్ కంపెనీలు, హైదరాబాదు కంటింజెంటు నుంచి కొంత పదాతి దళం, వీటితోపాటు ఒక అశ్వికదళం. కోరుకొండ, గోకవరం దాటి మారేడుమిల్లి వైపు వెళ్ళినవారికి ఆ ఘాట్లూ వెదురు పొదలూ తెలుసు. గెజిటీర్ చేతపట్టుకుని ఆ దారిలో వెళ్తే, గుర్రాలను అక్కడికి తోలినవాడు అడవిని ఎంత తక్కువ ఎరుగునో పుస్తకం చెప్పకుండానే తెలుస్తుంది. చంద్రయ్య 1880 ఫిబ్రవరిలో చనిపోయాడు, తమ్మన్నదొర ఆ ఏడాదే. చివరికి ప్రభుత్వమే మన్సబుదారును తొలగించి, ముఠాదారులకు నేరుగా సనదులిచ్చింది. అంటే పితూరీదార్ల ఫిర్యాదులో నిజముందని ఒప్పుకున్నట్టే.

అయినా రంపకు ఇసాండ్ల్వానా లేదు. ఒక్క రోజులో వందల మంది తెల్లవాళ్ళు పడిపోయిన మైదానం లేదు కాబట్టి లండన్‌లో ఎవరూ ఉలిక్కిపడలేదు, పుస్తకాలూ రాలేదు. జూలూలకు ఇంకో మేలు కూడా జరిగింది. జేమ్స్ స్టువర్ట్ అనే వలస అధికారి పందొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలుపెట్టి రెండు వందల మంది దాకా పెద్దలను కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పింది రాసుకున్నాడు. 1976 నుంచి అవి సంపుటాలుగా వస్తున్నాయి. తమ్మన్నదొర వెంట నడిచినవాళ్ళ దగ్గర అలా కూర్చున్నవాడు ఉండి ఉంటే అని నేను చాలాసార్లు బాధపడ్డాను. 1982లో డేవిడ్ ఆర్నాల్డ్ అనే చరిత్రకారుడు గూడెం–రంప తిరుగుబాట్లన్నిటినీ ఒక వరుసలో పెట్టి రాశాడు. ఆయనకూ ఎక్కువగా దొరికింది సర్కారు కాగితాలే. మనవాళ్ళలో చాలామందికి మన్యం అంటే 1922తో మొదలవుతుంది. అల్లూరి సీతారామరాజు గొప్పతనం తక్కువది కాదు. కానీ ఆయన అడుగుపెట్టిన కొండలకు పోరాటం అప్పటికే తెలుసు.

అందుకే ఇప్పుడు యుద్ధం పుస్తకం తెరిస్తే తుపాకుల అధ్యాయం తర్వాత చూస్తాను. ముందు పన్ను ఎక్కడుందో వెతుకుతాను. జూలూ రాజ్యం పక్కనున్న బ్రిటిష్ కాలనీ నాటాల్‌లో ఆఫ్రికన్ల గుడిసె పన్ను 1875లో ఏడు షిల్లింగుల నుంచి పద్నాలుగుకు పెరిగింది. తర్వాత తలకు ఒక పౌను పన్ను వేస్తే 1906లో బంబాతా అనే నాయకుడు తిరగబడ్డాడు. చిగురుపన్ను చదివినవారికి ఆ కథ కొత్తగా అనిపించదు.

1906 దగ్గర మనవాళ్ళూ వస్తారు. ఆ తిరుగుబాటు వేళ గాంధీ ఒక స్ట్రెచర్ దళం కట్టాడు. చిన్న దళమే. నలుగురు గుజరాతీలు, ఒక పఠాన్, మిగతావాళ్ళంతా దక్షిణాది నుంచి ఒప్పందపు కూలీలుగా వెళ్ళి విడుదలైనవాళ్ళని ఆత్మకథలో ఆయనే రాశాడు. కొరడాదెబ్బలు తిని పుళ్ళు పడ్డ జూలూలకు తెల్లవాళ్ళు సేవ చేయకపోతే, ఆ పుళ్ళు కడిగి కట్లు కట్టింది వీళ్ళు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా సుమారు 1,52,000 మంది నాటాల్ వెళ్ళారు. వాళ్ళలో తమిళులతో పాటు మన కోస్తా జిల్లాల తెలుగువాళ్ళు ఎందరో. ఓడల జాబితాల్లో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా రాసిపెట్టారు. ప్రస్తుతం నేను చదువుతున్నది ఆ జాబితాలే. గోదావరి జిల్లా అని కనబడిన చోటల్లా పెన్సిలు గుర్తు పెడుతున్నాను.