కోర్టులో జరిగింది హత్య, మరి బస్తీలో జరిగింది ఏంటి?

నేరాల మీద తీసే డాక్యుమెంటరీలు ఇప్పుడు ఇంటింటికీ వచ్చేశాయి. ఢిల్లీ బురారీలో 2018లో ఒకే ఇంట్లో పదకొండుమంది చనిపోయిన ఘటన మీద నెట్‌ఫ్లిక్స్ 2021లో ఒక సీరీస్ వేసింది. మరుసటి ఏడాది ‘ఇండియన్ ప్రిడేటర్’ అన్న పేరు కింద వరసగా కొన్ని వచ్చాయి. రాత్రి అన్నం తిని కూచుని ఏకబిగిన అన్ని భాగాలూ చూసి పడుకునేవాళ్లు మన హాస్టళ్లలో కూడా తక్కువేం లేరు. ఇదంతా కాలక్షేపం సరుకని కొట్టిపారేస్తే కుదరదు. నేరం అంటే ఏమిటి, నేరస్తుడు ఎవడు, ఎవరి చావుకి విలువ ఉంది అన్న వాటి మీద జనం బుర్రల్లో ఒక అభిప్రాయాన్ని ఇవి తయారుచేస్తున్నాయి. ఆ అభిప్రాయం ఎవరికి పనికొస్తుందో మనం అడగాలి.

ఇక్కడ ఒక్క సీరీస్ గురించే మాట్లాడతాను. 2022 అక్టోబర్‌లో వచ్చిన ‘ఇండియన్ ప్రిడేటర్: మర్డర్ ఇన్ ఎ కోర్ట్‌రూమ్’. దర్శకుడు ఉమేశ్ వినాయక్ కులకర్ణి. మూడు భాగాలు. దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే ఇది మనవాళ్ల కథ, నాగపూర్‌లోని కస్తూర్బా నగర్ అనే దళిత బస్తీ ఆడవాళ్ల కథ కాబట్టి.

అక్కు యాదవ్ అనేవాడు పదేళ్లకు పైగా ఆ బస్తీని గుప్పిట్లో పెట్టుకున్నాడు. బలవంతపు వసూళ్లు, హత్యలు, అత్యాచారాలు. స్టేషన్‌కి పోయి ఫిర్యాదు చేస్తే ఆ కబురు తిరిగి వాడికే చేరేదని ఆడవాళ్లు చెప్పారు. 2004 ఆగస్టులో బస్తీ జనం తిరగబడి వాడి ఇంటిని కూల్చేశారు. వాడు పోయి పోలీసుల నీడన చేరాడు. బెయిల్ మీద మళ్లీ బయటికొస్తాడన్న మాట బస్తీలో పాకింది. ఆగస్టు 13న వాణ్ణి నాగపూర్ జిల్లా కోర్టుకి తెచ్చినప్పుడు ఆడవాళ్ల గుంపు కారం, కత్తులతో లోపలికి వచ్చింది. డెబ్బైకి పైగా కత్తిపోట్లతో వాడు కోర్టు గదిలోనే చచ్చాడు. పోలీసులు కొందరిని పట్టుకుంటే, పట్టుకుంటే మమ్మల్నందర్నీ పట్టుకోండని బస్తీ ఆడవాళ్లు నిలబడ్డారు. హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకుని, బస్తీని కూడగట్టిన ఉషా నారాయణే మీద కూడా కేసు పెట్టారు. పదేళ్ల తర్వాత, 2014లో, సాక్ష్యం లేదని కోర్టు నిందితుల్ని విడిచిపెట్టింది.

ముందు సీరీస్‌కి దక్కాల్సిన మాట దక్కాలి. ఆ ఆడవాళ్లు కెమెరా ముందు కూచుని తమ సంగతి తామే చెప్పుకున్నారు. మనవాళ్ల మీద జరిగినదాన్ని పక్కవాళ్లు జాలిగా చెప్పే పద్ధతి కంటే ఇది ఎంతో మెరుగు. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ సీరీస్ నిజాయితీగా ఉంది. వాళ్లు ఆగంగానే చీకటి సందులు, మసక ఆకారాలు, గుండె దడ పెంచే సంగీతం మొదలవుతాయి. సాక్ష్యం కాస్తా వినోదం అవుతుంది.

అసలు గొడవ పేరులోనే ఉంది. ‘కోర్టు గదిలో హత్య’. ఎవరి హత్య? అక్కు యాదవ్ హత్య. పదేళ్లపాటు బస్తీలో పోయిన ప్రాణాలకి, చెడిన బతుకులకి పేరుకెక్కే యోగ్యత లేకపోయింది. గుడిసెల మధ్య నెత్తురు పారితే అది స్టేషన్ డైరీలోకి కూడా ఎక్కదు. కోర్టు గది నేల మీద పడితే దేశం ఉలిక్కిపడుతుంది. సీరీస్ కూడా ఆ ఉలికిపాటు దగ్గరే పుట్టింది. ఇక ‘ప్రిడేటర్’ అంటే వేటాడే మృగం. వాణ్ణి మృగం అనేస్తే పని తేలిక. మృగానికి పోలీస్ స్టేషన్‌తో, కులంతో సంబంధం ఉండదు గదా! మృగం చచ్చాక అడగాల్సింది కూడా ఏమీ మిగలదు.

ఈ తరహా సీరీస్‌లు నడిచేది ఒక ముడి మీద. ఎవరు చేశారు, ఎలా చేశారు? కస్తూర్బా నగర్ అడిగే ప్రశ్న వేరు. పదేళ్లు వాణ్ణి ఎవరు కాశారు? 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టంలో నాలుగో సెక్షన్ ఉంది. ఆ చట్టం కింద చెయ్యాల్సిన పనిని కావాలని చెయ్యని దళితేతర అధికారికి శిక్ష వెయ్యాలని అది చెప్తుంది. మూడు భాగాల కథనాన్ని ఈ సెక్షన్ మీద నిలబెట్టొచ్చు. అప్పుడు నిందితుల బోనులో వేరేవాళ్లు కనపడతారు. కులం ఈ సీరీస్‌లో అసలు లేదని నేననను. బస్తీ ఎవరిదో తెలుస్తూనే ఉంటుంది. కానీ అది కథ జరిగిన చోటుగా మిగిలింది, కథకు కారణం కాలేదు.

కెమెరాది ఒక్కదానిదే కాదు ఈ చూపు, న్యాయస్థానాలదీ ఇదే. నాగపూర్ పక్కనే భండారా జిల్లాలో ఖైర్లాంజీ ఉంది. 2006 సెప్టెంబర్ 29న అక్కడ భోత్‌మాంగే కుటుంబంలో నలుగుర్ని చంపారు. ఒక దాడి కేసులో సురేఖ, ఆమె కూతురు ప్రియాంక సాక్ష్యం చెప్పారు. 2010లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ ఇది పగతో చేసిన పని, కులం కోసం చేసింది కాదని తేల్చి మరణశిక్షల్ని తగ్గించింది. దళిత ఆడది సాక్ష్యం చెప్తే అంత పగ ఎందుకు పుట్టింది? ఆ పగ పేరే కులం. నేరాన్ని మనిషికీ మనిషికీ మధ్య గొడవగా కుదించడంలో తీర్పూ సీరీస్ ఒకే బళ్లో చదువుకున్నాయి.

మన చుండూరు సంగతి చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపి శవాల్ని గోనెసంచుల్లో కట్టి కాలువలో వేశారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టుకోవడానికి దళితులు ఏళ్ల తరబడి పోరాడారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కస్తూర్బా నగర్ తీర్పు కూడా ఆ ఏడాదే వచ్చింది. రెండు చోట్లా చెప్పిన మాట ఒకటే, సాక్ష్యం చాలలేదని. ఒకచోట మేమందరం అని ఒప్పుకుంటూ బస్తీ నిలబడింది. ఇంకోచోట కళ్లతో చూసినవాళ్లు చెప్పినా చాల్లేదు. చుండూరులో విప్పాల్సిన ముడి లేదు, పట్టుకోవాల్సిన మృగం లేదు. ఊరు ఉంది, పొలం ఉంది, పోలీసులున్నారు. అందుకే ఈ మూసలో చుండూరు పట్టదు. పట్టించాలని చూస్తే చుండూరు కాకుండా పోతుంది.

వేరే దారి లేదా? ఉంది. 1997 జులై 11న బొంబాయి రమాబాయి నగర్‌లో పోలీసు కాల్పుల్లో పదిమంది చనిపోయారు. అక్కడ మొదలుపెట్టి ఆనంద్ పట్వర్ధన్ పద్నాలుగేళ్లు తిరిగి ‘జై భీమ్ కామ్రేడ్’ తీశాడు. అందులో చావులే కాదు, మనవాళ్ల పాట ఉంది, కోపం ఉంది, వాదన ఉంది. పద్నాలుగేళ్లు ఆగడానికి కంపెనీ ఒప్పుకోదు. మనం ఒప్పుకోవచ్చు. చుండూరులో ఆనాడు పిల్లలుగా ఉన్నవాళ్లకి ఇప్పుడు నలభై దాటాయి, పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. పరిశోధకులమని చెప్పుకునే మన దగ్గర ఫోన్లున్నాయి, ఫోన్లలో కెమెరాలున్నాయి. ఆ ఇళ్లకు పోయి, వాళ్లు చెప్పినంతసేపు విని, వాళ్ల పేర్లతో వాళ్ల మాటల్ని భద్రం చెయ్యడానికి నెట్‌ఫ్లిక్స్ అనుమతి అక్కర్లేదు. ఆ పని ఇప్పటిదాకా ఎందుకు చెయ్యలేదన్న ప్రశ్న మాత్రం మనకే తగుల్తుంది.