బోటుకు లెక్క, ఎద్దుకు నీతి

2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. బోటు విలువలో 80 శాతం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. న్యాయమే. బోటు పోతే మత్స్యకారుడి బతుకు పోతుందని అందరూ ఒప్పుకున్నారు. మన కొండల్లో ఎద్దు కూడా అలాంటిదే.

ఇప్పుడు దొమ్మరోగం మీద మన ఊళ్లకొచ్చే కరపత్రాలు చదవండి. చచ్చిన పశువును కోయొద్దు, తినొద్దు, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టమంటాయి. ఆ మాట నిజం. 2016లో అరకు ప్రాంతంలో ఈ రోగం మనుషులకూ సోకి ఒంటిమీద పుండ్లు లేచాయి. కళేబరాన్ని కోస్తే క్రిమి గాలి తగిలి గట్టి పెంకు కట్టుకుంటుంది, దశాబ్దాలపాటు మట్టిలో బతికే ఉంటుంది.

కరపత్రం అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పింది. దున్నే ఎద్దునూ నాలుగు పూటల కూరనూ ఒకే గోతిలో పూడ్చిన ఇంటికి ఏం దక్కుతుందో అందులో ఉండదు. మనకు తెలివి లేక తింటున్నామన్నట్టు మందలింపు మాత్రం ఉంటుంది.

మరో చిక్కు ఉంది. బీమా సొమ్ముకు మామూలుగా చెవి ట్యాగు, పోస్టుమార్టం కాగితం అడుగుతారు. దొమ్మతో చచ్చినదాన్ని కోయనే కూడదు కదా! చెవి నరం నుంచి పశువైద్యుడు తీసే రక్తపు చుక్కతో రోగం తేలుతుంది. ఆ కాగితం చాలన్న హామీ కరపత్రంలో మొదటి వాక్యం కావాలి. వానలకు ముందే టీకా ఏ రోజు, ఏ ఊళ్లో వేస్తారన్నది రెండోది.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ కరపత్రాన్ని బడిలో పిల్లలచేత కువిలో, ఆదివాసీ ఒడియాలో తిరగరాయించండి. ఏం లేదో వాళ్లే పట్టుకుంటారు.