రాత్రిని అడిగే పనితనం

పెద్ద టెలిస్కోపుపై సమయం కోరుతూ రాసే దరఖాస్తును చాలామంది కాగితాల తంతుగా చూస్తారు. నాకది ఖగోళశాస్త్రంలోని అసలైన చేతిపని. నైనిటాల్ దగ్గర దేవస్థల్‌లో 2016లో ప్రారంభమైన 3.6 మీటర్ల టెలిస్కోపునే తీసుకోండి. దాని పరారుణ స్పెక్ట్రోగ్రాఫ్ టాన్‌స్పెక్ 0.55 నుంచి 2.5 మైక్రాన్ల దాకా వెలుగును విడదీస్తుంది. దానిపై సమయం కావాలంటే నక్షత్రం పేరు రాస్తే చాలదు. 1.4, 1.9 మైక్రాన్ల దగ్గర గాలిలోని నీటి ఆవిరి వెలుగును మింగేస్తుంది. దరఖాస్తుదారులు తాము వెతికే వర్ణపట గీత అక్కడ పడదని చూపాలి. ఆకాశపు సొంత కాంతిని తీసివేయడానికి నక్షత్రాన్ని స్పెక్ట్రోగ్రాఫ్ చీలికలో రెండు చోట్ల నిలపాలి. దాదాపు అంతే ఎత్తులో ఉన్న ప్రామాణిక నక్షత్రాన్నీ చూడాలి. ఈ నిమిషాలన్నీ లెక్కకు రావాలి. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును పోగుపోగునా కలిపినట్టు ప్రశ్ననూ పరికరాన్నీ అతకడమే ఇందులోని నేర్పు.

పేరున్న సంస్థలకే రాత్రులు దక్కుతాయి, వనపర్తిలోనో నాగర్‌కర్నూలులోనో డిగ్రీ చదివినవారికి చోటెక్కడ అనవచ్చు. ఆ అనుమానం ఒట్టిది కాదు. ఇలాంటి పక్షపాతాన్ని తగ్గించేందుకు 2018లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు సమీక్షకులకు దరఖాస్తుదారుల పేర్లు కనబడకుండా చేశారు. జేమ్స్ వెబ్ టెలిస్కోపు విషయంలోనూ అదే పాటిస్తున్నారు. పేరు తీసేశాక తూకానికి నిలిచేది పనితనమే. జవాబు ముందే తెలిసిన ప్రశ్నలకే సమయం దొరుకుతుందన్న ఆక్షేపణ మరింత బలమైనది, కొంత నిజం కూడా. కానీ మంచి దరఖాస్తు, గీత కనబడకపోతే ఏ ఊహ కూలుతుందో కూడా ముందే రాసి ఇస్తుంది. ఆ వాక్యం రాయడానికి ధైర్యం కావాలి.